ఎందుకైనా మంచిదని కుట్టిన బరకం

ఒక పెద్ద అడవిలో (పెద్దదని ఆ అడవివాళ్ళే చెప్పుకునేవారు లెండి, మనమేం కొలవలేదు) ఒక సాఫ్ట్‌బాల్ మైదానం ఉండేది.

మధ్యలో ఎర్రమట్టి, చుట్టూ పచ్చగడ్డి, ఆ గడ్డి చుట్టూ మట్టి గట్లు. ఎర్రమట్టికి నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతి ఉండేవి. బంతిని కర్రతో కొట్టినవాళ్ళు ఆ రాళ్ళన్నీ చుట్టి రావాలి. రాళ్ళ నడుమ సున్నంతో గీసిన గుండ్రం ఒకటి. అందులో నిలబడి బంతి విసిరేది మాణిక్యం అనే ముళ్ళపంది. బూరుగు దూది కుక్కి నార చుట్టిన ఆ బంతిని, చెయ్యి గిర్రున ఒక చుట్టు తిప్పి నడుం కిందినుంచి మాణిక్యం వదిలిందంటే, కర్ర పట్టుకున్నవాడి కర్రకి గాలి తప్ప ఇంకేమీ తగిలేది కాదు.

మాణిక్యానికి ఆ గుండ్రం అంటే ప్రాణం. అది ఒక్క ఆట మీద ప్రేమ కాదు. అడవిలో ఎక్కడికెళ్ళినా ఆమెని చూసి అందరూ కాస్త వెనక్కి జరిగేవారు. సంతలోనూ అంతే, ఏటి ఒడ్డునా అంతే, పెళ్ళి పందిట్లో కూడా అంతే. ఎవరూ ఏమీ అనేవారు కాదు, పలకరిస్తూనే జరిగేవారు. ముళ్ళు మరి. ఒక్క మైదానంలోనే అందరూ ఆమెకి దూరంగా నిలబడటం ఆటలో భాగం. ఆ గుండ్రంలో నిలబడితే ఆమెకి తను అందరిలాంటిదాన్నే అనిపించేది.

కొండవైపు జంతువులకీ ఏటివైపు జంతువులకీ ఏటా పెద్ద మ్యాచ్ జరగాలి. అది సింహంగారి పుట్టినరోజున జరగాలని అడవి కౌన్సిల్ నియమం. సింహంగారేమో నిండు శ్రావణంలో పుట్టారు. ఆ రోజు తప్పకుండా వాన, వాన తర్వాత తప్పకుండా బురద. మ్యాచ్ ఎండాకాలానికి మారుద్దామని అందరి మనసులోనూ ఉండేది గానీ, పుట్టినరోజు మార్చుకోండని సింహంతో చెప్పే ఉత్సాహం ఎవరికీ కలగలేదు. సింహంగారు ఒక్క మ్యాచ్‌కైనా వచ్చిందీ లేదు, అది వేరే సంగతి.

కిందటేడూ అంతకుముందేడూ వాన వల్ల మ్యాచ్ జరగలేదు. అప్పుడే గేదెల పెద్ద మల్లమ్మ కౌన్సిల్‌కి వచ్చి తన గోడు చెప్పుకుంది.

"మాకిచ్చిన చోటు వట్టి ఇసుకనేల బాబూ. ఎంత వాన కురిసినా కాసేపట్లో ఇంకిపోతుంది. పొర్లడానికి గుప్పెడు బురద లేక మా పిల్లలు ఏడుస్తున్నారు. ఆ మైదానంలో నీళ్ళు ఎంత బాగా నిలుస్తాయో! ఎవరూ ఆడనప్పుడు మాకే ఇచ్చెయ్యకూడదూ?"

కౌన్సిల్ ఆలోచించింది. ఈ ఏడు కూడా పుట్టినరోజున పొద్దుగూకేలోపు మ్యాచ్ పూర్తి కాకపోతే మైదానం గేదెలకి ఇచ్చేయాలని తీర్మానించింది. మాణిక్యం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లారాక ఆమెకి ఉపాయం తట్టింది. కళ్ళంలో ధాన్యం రాశుల మీద వాన పడకుండా మనుషులు బరకాలు కప్పుతారు కదా, మైదానానికీ ఒకటి కుట్టిస్తే సరి! గడ్డికి వాన పడినా పర్వాలేదు, తాగేస్తుంది. కప్పాల్సింది ఎర్రమట్టిని. మట్టి అంచు దాటి గడ్డి మీదికి ఒక మూరెడు వెళ్ళేలా కప్పితే, నీళ్ళు జారి గడ్డిలోకి పోతాయి. రెండు జట్లూ తలో అంచూ పట్టుకుంటే ఒక్క ఊపున తీసెయ్యొచ్చు.

ఒక నార తాడు తెచ్చి ఎర్రమట్టి ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూరెడూ కలిపి కొలిచింది. సరిపోయింది. తర్వాత ఆ తాడుని ఇంటికి తీసుకెళ్ళి, దానికి అంతే పొడుగున్న ఇంకో తాడు ముడేసింది.

ఎందుకంటే ఆ అడవిలో పద్ధతి అది. ఎవరికేం కావాలన్నా ఎంత కావాలో తాడు కొలిచి ఆ పని చూసే కమిటీకి ఇవ్వాలి. కమిటీవాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సగం కొరికేసి, మిగతా సగం మంజూరు చేసేవారు. ఉడతలు చెట్టు నుంచి చెట్టుకి తీగ వంతెన కావాలని నిజాయితీగా తాడు కొలిచి ఇచ్చాయి. వంతెన సగం దూరమే వచ్చింది. ఇప్పటికీ ఉడతలు ఆ వంతెన చివరిదాకా వెళ్ళి అక్కడినుంచి దూకుతుంటాయి.

"సగం కొరికితే సరిగ్గా నాకు కావాల్సింది మిగులుతుంది," అనుకుంది మాణిక్యం. తన తెలివికి తనే కాస్త మురిసిపోయింది కూడా.

ఆమెకి తెలియని సంగతి ఒకటుంది. ఆ ఏడాది సింహంగారి గుహ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఏ కమిటీ దగ్గరైనా పనులకిచ్చిన ఆకులు గానీ మైనం గానీ మిగిలితే, సింహంగారి గోదాముకి తిరిగి పంపాలి, మరుసటి ఏడు అంత తగ్గించి ఇస్తారు. ఆ మాట విన్నప్పటినుంచి కమిటీలన్నిటికీ ఏదీ మిగలకుండా చూడటమే పని అయిపోయింది.

మైదాన కమిటీ సమావేశమైంది. అధ్యక్షుడు వెంకటాద్రి అనే ఎలుగుబంటి. కార్యదర్శి నాగభూషణం అనే నక్క. సాంస్కృతిక సభ్యురాలు ఇంద్రాణి అనే నెమలి. ఇంకో సభ్యుడు ఏనుగు. ఆయన పేరు ఐరావతయ్య గానీ, అందరూ పెద్దాయన అనేవారు.

నక్క నాగభూషణం తాడు పరిచి చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటండీ మాణిక్యం గారూ, ఇంత చిన్నది తెచ్చారు?"

మాణిక్యం చెవులు రిక్కించింది. "చిన్నదా అండీ?"

"మరి? మైదానం కప్పడానికా, మీ వరండా కప్పడానికా?"

"ఎర్రమట్టి వరకూ..." అని ఏదో చెప్పబోయింది.

"ఎర్రమట్టికేనా వాన పడేది? నా కుర్చీ మీద పడదూ?" అన్నారు ఎలుగుబంటి గారు. "అధ్యక్షుడి కుర్చీ గడ్డి మీద వేస్తారు. గడ్డి తడిస్తే కుర్చీ కూరుకుపోతుంది. కుర్చీ ఎక్కడుందో అక్కడిదాకా రానివ్వండి. ఎందుకైనా మంచిది." అని తన తాడు ముక్క ఒకటి తీసి చివర ముడేశారు. ఆ కమిటీలో ఆమోదం అంటే ముడి వేయడమే. సొంత ముడి వేయని సభ్యుణ్ణి ఎవరూ సభ్యుడిగా లెక్కపెట్టరు.

"నా స్వాగత నృత్యానికి వేదిక?" అంది నెమలి.

"మీరు వానలోనే కదండీ నాట్యం చేసేది?" అని మాణిక్యం ఆశ్చర్యపోయింది.

"అది నా సరదా కోసం అమ్మాయ్. ఇది అధికారిక కార్యక్రమం. పురి తడిసి వేలాడితే నా పరువేం కావాలి?" నెమలి ఒక రంగు తాడు ముడేసింది. "ఎందుకైనా మంచిది."

ఏనుగు తను నిలబడే చోటు ఎంతో తొండంతో కొలుచుకుని, కూర్చుంటే ఎంత కావాలో కూడా కొలుచుకుని, ఒక మోకు ముడేశారు.

చివరికి నక్క, అధ్యక్షుల వారి గుహ నుంచి కుర్చీ దాకా వచ్చే బాటని గుర్తుచేశాడు. "పాదాలకి బురద అంటితే ఏం బాగుంటుందండీ?" ఎలుగుబంటి గారు మొహమాటపడుతూ, "ఎందుకులే నాగభూషణం," అంటూనే ముడి బిగుసుకుందో లేదో లాగి చూశారు.

తాడు ఇప్పుడు గది చుట్టూ తిరిగి గుమ్మం బయటికి వెళ్ళిపోయింది.

మాణిక్యానికి నిజం చెప్పేయాలనిపించింది. కానీ ఏమని చెప్పాలి? 'నేను తెచ్చిందే రెట్టింపండీ, మీరు కొరుకుతారని తెచ్చాను' అనాలా? అంటే కమిటీకే అబద్ధపు కొలత ఇచ్చినట్టు తేలుతుంది. జట్టులోంచి తీసేస్తారు. అందుకే ఆమె ఇంకో మాట అడిగింది.

"మరి ఇంత పెద్దదాన్ని లాగేదెవరండీ?"

"లాగడం మన పరిధిలోకి రాదు," అన్నాడు నక్క. "మనది కప్పే కమిటీ."

"పెద్దాయన ఉన్నారుగా," అంది నెమలి.

ఏనుగు మొదటిసారి నోరు తెరిచారు. "నేను సభ్యుణ్ణమ్మా," అని మళ్ళీ మూసుకున్నారు.

బరకం తయారైంది. గిజిగాళ్ళు రోజుల తరబడి మోదుగాకులు కుట్టాయి. ఎలుకలు పైన తేనెమైనం రుద్దాయి. గోదాముకి తిరిగి వెళ్ళాల్సిన ఆకు ఒక్కటి కూడా మిగలలేదని నక్క సంబరంగా చెప్పుకున్నాడు. పరిచి చూస్తే అడవంతటికీ ఒకేసారి వడ్డించే విస్తరిలా ఉంది. మైదానం, గడ్డి, కుర్చీ చోటు, వేదిక చోటు, బాట అన్నీ దాని కింద మాయమైపోయాయి. దాన్ని పరచడానికే అడవి మొత్తం రావాల్సి వచ్చింది. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ కూడా తలో అంచూ పట్టుకుని లాగి, నడుములు పట్టుకుని కూలబడ్డారు.

"రేపు మళ్ళీ ఎవరు తీస్తారు?" అని ఎవరో అడిగారు.

ఆ ప్రశ్న మీద కమిటీ చాలాసేపు చర్చించి, తీయకపోతే ఆ సమస్యే రాదని తేల్చింది. పుట్టినరోజు దాకా బరకం పరిచే ఉంచాలి. గోళ్ళున్నవాళ్ళు దాని మీద నడవకూడదు. కొమ్ములున్నవాళ్ళు అటు వంగకూడదు. ముళ్ళున్నవాళ్ళు ఆ దరిదాపులకే రాకూడదు.

ముళ్ళున్నవాళ్ళంటే అడవిలో ఒక్క మాణిక్యమే.

ఆమె మైదానం అంచున, అనుమతి ఉన్నంత దూరంలో నిలబడి చూసింది. తన గుండ్రం ఎక్కడుందో కూడా ఆనవాలు దొరకలేదు. మైదానం పోకూడదని తనే బరకం అడిగింది. మైదానం ఉంది, తనకే లేకుండా పోయింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కనున్న కుందేలు ఓదార్చడానికి దగ్గరికి రాబోయి, అలవాటు కొద్దీ ఆగిపోయింది.

శ్రావణం వచ్చింది. వాన మొదలైంది. కురిసింది, కురిసింది, ఆగకుండా కురిసింది. కమిటీవాళ్ళు గుహ గుమ్మంలో కూర్చుని వేడివేడి జొన్నపొత్తులు తింటూ, "మన బరకం చూశారా, చుక్క దిగడం లేదు," అని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

అది నిజమే. చుక్క దిగలేదు. పక్కకీ పోలేదు. చిన్న బరకమైతే నీళ్ళు అంచు నుంచి జారి గడ్డిలోకి పోయేవి. ఇది గడ్డినీ గట్లనీ కలిపి కప్పేసింది కదా, గట్ల దగ్గర అంచులు పైకి లేచి, మధ్యలో పల్లమైంది. పడిన వానంతా అక్కడే నిలిచింది.

ఆ ఏడు పుట్టినరోజు పొద్దున మాత్రం సూర్యుడు భేషుగ్గా వచ్చాడు. అడవంతా ముస్తాబై మైదానానికి వచ్చి చూసేసరికి, అక్కడ మైదానం లేదు. చెరువుంది. ఆ చెరువు కింద బరకం, బరకం కింద మైదానం. అధ్యక్షుల వారి కుర్చీ చోటు, వేదిక, ఏనుగు నిలబడే చోటు అన్నీ కిందే పొడిపొడిగా ఉన్నాయి.

"లాగండి!" అన్నారు ఎలుగుబంటి గారు.

రెండు జట్లూ అంచులు పట్టుకుని లాగాయి. బరకం కదల్లేదు, రెండు జట్లూ జారి పడ్డాయి. అందరూ పెద్దాయన వైపు చూశారు. ఆయన లోతెంతుందో చూద్దామని కాలు పెట్టారు. నీళ్ళు చల్లగా, హాయిగా ఉన్నాయి. రెండో కాలూ పెట్టారు. ఆ తర్వాత తొండంతో వీపు మీద నీళ్ళు పోసుకుంటూ ఎవరు పిలిచినా పలకడం మానేశారు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మాణిక్యం కాలు నిలవక అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడు నక్క నాగభూషణానికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"మాణిక్యం గారూ! మీరొక్కసారి బరకం మీద పొర్లి రండి. నిషేధం నేను ఎత్తేస్తున్నాను. చిల్లులు పడితే నీళ్ళు దిగిపోతాయి."

"దిగి ఎక్కడికి పోతాయండీ?"

"ఎక్కడికేంటండీ, కిందికి."

"కింద ఏముందండీ?"

నక్క వంగి బరకం అంచు కిందికి చూశాడు. ఎలుగుబంటి గారు నెమ్మదిగా, "మైదానం," అన్నారు.

మాణిక్యం ముళ్ళు వాటంతట అవే నిక్కబొడుచుకున్నాయి. దిగితే బురద, దిగకపోతే చెరువు. ఏం చేసినా పొద్దుగూకేసరికి మైదానం తనది కాదు. ఆమెకి కోపం వచ్చింది, కమిటీ మీద కొంత, ఆ రెట్టింపు తాడు ముడేసిన తన మీద ఎక్కువ.

"నాదే తప్పు," అని అందరి ముందూ అనేసింది. "నాకు కావాల్సింది అందులో సగమే. మీరు కొరుకుతారని రెట్టింపు తెచ్చాను."

కమిటీ నిర్ఘాంతపోయింది. రెట్టింపు అడిగినందుకు కాదు. "మేం కొరుకుతామని ఎలా అనుకున్నారండీ?" అని ఎలుగుబంటి గారు మనస్ఫూర్తిగా నొచ్చుకున్నారు.

ఆ గొడవలో దబదబమని చప్పుడు. గేదె పిల్లలు కేరింతలు కొడుతూ వచ్చి చెరువులో దూకాయి. వెనకే తల్లులు. అందరికంటే వెనక మల్లమ్మ, మర్యాదగా ఒడ్డున ఆగింది.

"పొద్దుగూకేదాకా ఆగండ్రా అంటే వినలేదమ్మా పిల్లలు. ఇన్ని నీళ్ళు ఒక్కచోట వాళ్ళెప్పుడు చూశారు గనక!" అని మాణిక్యం మొహం చూసింది. వెనక్కి జరగలేదు. గేదె తోలుకి ముళ్ళొక లెక్కా! పక్కనే చతికిలబడింది. "ఏమ్మా, అంత దిగులుగా ఉన్నావు?"

"ఆడటానికి చోటు లేదు పిన్నీ."

"ఓస్, అదా! మేమంతా ఇటొచ్చేశాం. మా చోటు ఖాళీయే. రాత్రి పడ్డ వానంతా ఎప్పుడో ఇంకిపోయింది, పాడు ఇసుక. మీకు పనికొస్తే ఆడుకోండి."

మాణిక్యం ఆమె వంక చూసింది. జట్ల వంక చూసింది. కర్రలూ బంతీ పట్టుకుని అందరూ ఒకటే పరుగు.

ఇసుకనేల పొడిగా, మెత్తగా ఉంది. రాళ్ళు దొర్లించి నాలుగు మూలలా పెట్టారు. సున్నం లేకపోతే మాణిక్యం తన తోక ముళ్ళతో తనే గుండ్రం గీసుకుంది. అందులో నిలబడి చెయ్యి తిప్పింది. అన్నాళ్ళూ అలవాటు తప్పిన చెయ్యి మొదట తడబడింది, తర్వాత దారిలో పడింది. పొద్దుగూకే ముందే మ్యాచ్ అయిపోయింది. ఎవరు గెలిచారని అడక్కండి. ఓడినవాళ్ళు కూడా ఇంటికెళ్ళేదాకా పాడుకుంటూ వెళ్ళారు.

ఆ సమయానికి కమిటీ చెరువు ఒడ్డునే ఉంది. మైదానంలోకి ఒక్క చుక్క కూడా దిగలేదు కాబట్టి బరకం పథకం పూర్తిగా విజయవంతమైందని తీర్మానం చేసుకుంది. అదే పూట, ఆ మైదానంలో మ్యాచ్ జరగలేదు కాబట్టి కౌన్సిల్ దాన్ని గేదెలకి రాసిచ్చేసింది. బరకంతో సహా.

మర్నాడు మాణిక్యం ఒంటరిగా వెళ్ళి పాత మైదానం చూసుకుంది. గేదెలు కళ్ళు మూసుకుని నీళ్ళలో మునిగి ఉన్నాయి. తన సున్నపు గుండ్రం ఇంకా ఆ అడుగున ఎక్కడో చెక్కుచెదరకుండా ఉండే ఉంటుంది. బాధేసింది. కాసేపు నిలబడి, ఇసుకనేల వైపు నడిచింది.

తర్వాత కొన్నాళ్ళకి, సాధన జరుగుతుండగా, ఇసుకనేల అంచున కమిటీ ప్రత్యక్షమైంది. నక్క భుజాన పెద్ద తాడు చుట్ట.

"మ్యాచ్ ఇక్కడే జరిగిందట," అన్నారు ఎలుగుబంటి గారు చుట్టూ చూస్తూ. "చక్కని మైదానం. వచ్చే ఏటికి దీనికీ ఒక బరకం కావాలి కదా. కిందటిసారి చిన్నదైందని నా అభిప్రాయం."

ఆట ఆగిపోయింది. మాణిక్యం గుండ్రంలోంచి బయటికి వచ్చింది.

"మైదానమా? ఎక్కడండీ?" అంది చాలా వినయంగా. "ఇది గేదెల చోటు. వాళ్ళ దొడ్డి."

"మరి ఆ నాలుగు రాళ్ళు?" అన్నాడు నక్క.

"గేదెలు దురద పుడితే ఒళ్ళు రుద్దుకునేవండీ."

"ఆ గుండ్రం?"

మాణిక్యం గుండ్రానికి అడ్డంగా జరిగింది. అప్పుడు కాస్త అవతల పాత మైదానం గట్టు మీదినుంచి మల్లమ్మ తీరిగ్గా నెమరు వేస్తూ కేక పెట్టింది.

"అక్కడ నేను పడుకునేదాన్ని బాబూ! వాసన ఇంకా పోలేదు, దగ్గరికి వెళ్ళకండి!"

నెమలి పురి సర్దుకుని వెనక్కి తిరిగింది. ఎలుగుబంటి గారు ముక్కు మూసుకున్నారు. "గేదెల దొడ్డికి బరకమెందుకయ్యా నాగభూషణం, ఎవరు చెప్పారు నీకు?" అని కసురుకుంటూ గుహ దారి పట్టారు. నక్క తాడు చుట్టుకుంటూ వెనకే వెళ్ళాడు.

వాళ్ళు కనుమరుగయ్యేదాకా ఆగి, మాణిక్యం గుండ్రంలోకి వెళ్ళి, చెయ్యి గిర్రున తిప్పి బంతి వదిలింది.

ఈ కథలో నీతి అంటారా: మనకిష్టమైన చోటు పదికాలాలు మనకే ఉండాలంటే, అది బాగుందన్న మాట కమిటీ చెవిన పడనివ్వకూడదు.